దగ్గరివాళ్ళ మాటే చెల్లాలా?

మన ప్రోగ్రామ్‌కి రెండు లైబ్రరీలు కావాలి. ఆ రెండూ మూడోదాని మీద ఆధారపడ్డాయి. ఒకటి దాని పాత వెర్షన్ అడుగుతుంది, ఇంకోటి కొత్తది కావాలంటుంది. తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు. ఎవరింట్లో వాళ్ళు సవ్యంగానే ఉన్నారు. ఒకే కప్పు కింద కాపురం పెట్టించింది మనం.

ఈ తగవు తీర్చే పద్ధతులు నాకు ధర్మశాస్త్రాల్లా కనిపిస్తాయి. జావాస్క్రిప్ట్ వాళ్ళ ఎన్‌పీఎం ఎవరి కాపీ వాళ్ళకిచ్చి వేరు కాపురం పెట్టించగలదు. గొడవ ఉండదు, ఇల్లు మాత్రం ఉబ్బుతుంది. పైథాన్ పిప్, 2020లో వచ్చిన 20.3 నుంచి, అందరికీ కుదిరే వెర్షన్ దొరక్కపోతే ఇన్‌స్టాల్ చేయనని మొండికేస్తుంది. జావా వాళ్ళ మేవెన్ దగ్గర మన ప్రాజెక్టుకి ఎవరు దగ్గరైతే వాళ్ళ మాటే చెల్లుతుంది. దూరం సమానమైతే, ముందు పేరు రాసినవాళ్ళది.

నన్ను ఇబ్బంది పెట్టేది మేవెన్ తీర్పే. ఎందుకంటే మనం రోజూ చేసేదీ అదే.

మా చోడవరం పక్కన గోవాడలో సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉంది. నరికిన చెరకు ఆలస్యమైతే బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. ఏ మిల్లయినా రోజుకి ఆడగలిగింది ఇంతే అని ఒక లెక్క ఉంటుంది. అంచేత ఎవరి తోట ముందు నరకాలన్నది న్యాయానికి సంబంధించిన ప్రశ్న. గేటుకి దగ్గరి ఊరే ముందు అనేస్తే పని సులువు. కానీ దూరపు ఊరి రైతు నష్టం గేటు దగ్గర కనబడదు, అతని పొలంలో కనబడుతుంది. మేవెన్‌లోనూ అంతే. తీర్పు బిల్డ్ చేసేటప్పుడే అయిపోతుంది. ప్రోగ్రామ్ ఎప్పుడో నడుస్తూ నడుస్తూ, ఇంకెక్కడో 'నో సచ్ మెథడ్ ఎర్రర్' అంటూ కూలబడుతుంది.

డిపెండెన్సీ ట్రీ చూపించమంటే మేవెన్ మామూలుగా గెలిచినవాళ్ళ చెట్టే గీస్తుంది. 'వెర్బోస్' అని అదనంగా అడిగితేనే పక్కన పెట్టినవాళ్ళ పేర్లు, ఎవరికోసం పక్కన పెట్టారో సహా బయటికొస్తాయి.

పేర్లు చూపించినంత మాత్రాన న్యాయం జరిగిపోతుందా అని అడగొచ్చు. జరగదు. కానీ పేరు కనబడితే, మన ప్రాజెక్టులో ఆ వెర్షన్ని మనమే నేరుగా రాసి తీర్పు మార్చొచ్చు. కనబడకపోతే, మార్చాల్సిన తీర్పు ఒకటుందనే తెలీదు. ఎవరో ఒకర్ని వెనక్కి నెట్టక తప్పని చోట మన మీదుండే కనీస బాధ్యత ఇదేననుకుంటాను: ఎవర్ని నెట్టామో అడక్కముందే కనబడేలా రాసిపెట్టడం.