తిరునాళ్ల పనివారికి పండగ వాటా

దేవుడి ఉత్సవంలో పనిచేసేవారికి ఎంత కూలి ఇవ్వాలన్న ప్రశ్నకు లెక్కలతో జవాబు చెప్పే ముందు ధర్మంతో జవాబు చెప్పాలి. పల్నాడులో ఈ ప్రశ్న ఏటా మహాశివరాత్రికి కోటప్పకొండ కింద ఎదురవుతుంది. నరసరావుపేటకు సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని ఈ కొండకు, త్రికోటేశ్వరస్వామి దర్శనం కోసం ఆ రోజు లక్షల మంది తరలివస్తారు. పురుషోత్తమపట్నం, కావూరు వంటి ఊళ్ల నుంచి విద్యుద్దీపాల ప్రభలు కదిలివస్తాయి. ఆ జనం తిరిగే నేల మీదే రంగులరాట్నం తిప్పేవారు, ప్రభకు మోకులు పట్టేవారు, జనరేటరు కాచుకునేవారు, తలనీలాలు తీసేవారు, క్యూలైన్లలో నీళ్లందించేవారు, తెల్లారేసరికి చెత్త ఎత్తేవారు ఉంటారు. వీరిలో కొందరికి నెలజీతం, కొందరికి రోజుకూలి, కొందరికి బత్తా. కొందరికి మాత్రం స్వామి సేవ చేసిన పుణ్యమే దక్కుతుందని చెబుతారు.

వినోదాల మైదానాన్ని దగ్గర నుంచి చూస్తే విషయం తేటపడుతుంది. పెద్ద నగరాల్లోని థీమ్ పార్కుకు గోడ, గేటు, యూనిఫారం ఉంటాయి. తిరునాళ్లలో అదే వినోదం లారీలో వస్తుంది. జెయింట్ వీల్, కొలంబస్, బ్రేక్ డాన్స్ ముక్కలు ముక్కలుగా దిగుతాయి. పండగకు కొన్ని రోజుల ముందే కుర్రాళ్లు బోల్టులు బిగించి, స్తంభాలు నిలబెట్టి, తొట్లు వేలాడదీస్తారు. జనం వచ్చాక రాత్రంతా తొట్టి తలుపు వేయడం, తీయడం, గొళ్లెం పడిందో లేదో చూడడం, భయపడిన పిల్లల్ని దించడం వాళ్ల పని. నిద్ర ఆ యంత్రం పక్కనే, టార్పాలిన్ కింద. పండగ అయ్యాక మళ్లీ విప్పి, లారీకెత్తి, ఇంకో ఊరికి బయల్దేరాలి. టిక్కెట్లు తెగిన రోజులను మాత్రమే పనిదినాలుగా లెక్కవేస్తే బిగించిన రోజులు, విప్పిన రోజులు, దారిలో గడిచిన రోజులు కూలిలేని రోజులవుతాయి. చక్రం తిరగని రోజున కూడా పనివాడి ఇంట్లో పొయ్యి వెలగాలి.

ఇక్కడ తరచూ వినిపించే మొదటి అభ్యంతరం సేవ పేరుతో వస్తుంది. స్వామి సన్నిధిలో చేసే పనికి బేరమాడటం తగదని, ఫలాపేక్ష లేకుండా పనిచేయమని గీత చెప్పిందని అంటారు. ఆ ఉపదేశం పనిచేసేవాడి మనసుకు చెప్పినది. పని చేయించుకునేవాడికి కూలి ఎగ్గొట్టే అనుమతిగా దాన్ని చదివితే, వినవలసినవాడు ఒకడైతే లాభపడేది మరొకడవుతాడు. నిష్కామకర్మను ఎవరికి వారు తమ మీదే విధించుకోగలరు, ఎదుటివారి మీద విధించలేరు. సేవకు ఉన్న విలువంతా అది స్వేచ్ఛగా ఇచ్చిందన్న దానిలోనే ఉంది. ఇంట్లో బియ్యం నిండుకున్నవాడు గతిలేక తక్కువ కూలికి ఒప్పుకుంటే దాన్ని సేవ అనడం సేవకే అవమానం. పూర్వజన్మ కర్మ వల్లే వారికి ఆ గతి పట్టిందనే మాట ఇంకా బలహీనం. కర్మసిద్ధాంతం ప్రకారమే చూసినా, కూలి తక్కువిచ్చినవాడు తనకు తాను కొత్త కర్మ మూటగట్టుకుంటున్నాడు.

శైవంలోనే దీనికి గట్టి సమాధానం ఉంది. పల్నాటి వీరుల కాలమైన 12వ శతాబ్దంలోనే కల్యాణ నగరంలో బసవేశ్వరుడు, ఆయన వెంట నడిచిన శరణులు కాయకాన్ని, అంటే ఒళ్లొంచి చేసే పనిని, పూజతో సమానం చేశారు. పాల్కురికి సోమనాథుడు తెలుగులో బసవపురాణం రాయడంతో ఆ భక్తి ఇక్కడి ఇళ్లలోకీ వచ్చింది. శరణుల కథల్లో ఆయ్దక్కి మారయ్యది చిన్న కథ. నేలరాలిన బియ్యం ఏరుకొచ్చి జంగములకు పెట్టడం ఆయన కాయకం. ఒకరోజు అలవాటు కంటే ఎక్కువ తెస్తే, భార్య లక్కమ్మ ఆ అదనపు బియ్యాన్ని తిరిగి ఇచ్చి రమ్మంటుంది. పేదవాడు అత్యాశపడకూడదన్న నీతిగానే ఈ కథను చెబుతుంటారు. అది సగం చదువు. లక్కమ్మ పెట్టిన కొలత అవసరం. అవసరానికి మించి తీసుకోకూడదని కూలివాడికి చెప్పే కొలత, అవసరానికి తగ్గించి ఇవ్వకూడదని యజమానికీ చెబుతుంది. అంతేకాదు, కాయకం తరవాత దాసోహం ఉంది: సంపాదించిన దానిలో కొంత పంచడం. తన ఇంటికే చాలని కూలితో ఎవరూ దాసోహం చేయలేరు. తక్కువ కూలి పేదవాడి తిండితోపాటు అతని ఔదార్యాన్నీ లాగేసుకుంటుంది.

కోటప్పకొండ స్థలపురాణం కూడా ఇటువైపే మొగ్గుతుంది. గొల్లభామ ఆనందవల్లి రోజూ కొండెక్కి స్వామిని కొలిచేది. గర్భవతై ఎక్కలేని స్థితి వచ్చినప్పుడు తానే దిగివస్తానని, వెనుదిరిగి చూడవద్దని స్వామి అన్నాడు. ఆమె తిరిగి చూసిన చోట ఆయన లింగరూపంలో నిలిచిపోయాడని కథ. వెనుదిరిగి చూడటం గురించి చెప్పుకున్నంతగా స్వామి దిగిరావడం గురించి జనం చెప్పుకోరు. భక్తురాలి శరీరం అలిసిందని దేవుడు తన చోటు మార్చుకున్నాడు. ఆ కథ మీద నిలబడిన క్షేత్రంలో అలిసిన శరీరాన్ని పట్టించుకోకపోవడం ఆచారానికే విరుద్ధం.

ఇక ఎంత ఇవ్వాలన్నది. శుక్రనీతి కూలిని మూడు మెట్లుగా చెబుతుంది. ఒక మనిషి బతకడానికి మాత్రమే సరిపోయేది అధమం, తప్పనిసరి తిండికీ బట్టకూ చాలేది మధ్యమం, వాటికి లోటు లేకుండా నిండుగా సరిపోయేది ఉత్తమం. చాలీచాలని కూలి ఇచ్చే రాజు తన శత్రువులను తానే తయారుచేసుకుంటాడనీ హెచ్చరిస్తుంది. స్వతంత్ర భారతం 1948లో నియమించిన కమిటీ కూడా కనీస వేతనం, న్యాయమైన వేతనం, జీవన వేతనం అని మూడు మెట్లే చెప్పింది. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు కనీస వేతనానికి లెక్క కట్టింది: ఒకరి సంపాదన మీద ముగ్గురు పెద్దల తిండికి సమానమైన ఖర్చు, ఒక్కొక్కరికి 2,700 కేలరీలు, నలుగురి కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, ఇవి కాక వంటచెరకు, దీపాల వంటి వాటికి మొత్తంలో 20 శాతం.

ఆ లెక్కలో పండగ లేదు. 1991లో రెప్టకోస్ బ్రెట్ కంపెనీ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు దాన్ని చేర్చింది. పిల్లల చదువు, వైద్యం, పండగలూ శుభకార్యాలతో కూడిన కనీస వినోదం, ముసలితనానికి, పెళ్లిళ్లకు దాచుకునే సొమ్ము కలిపి కనీస వేతనంలో 25 శాతం ఉండాలంది. తిరునాళ్ల పనివారి విషయంలో దీనంత ముఖ్యమైన మాట న్యాయశాస్త్రంలో మరొకటి లేదు. పండగ అంటే కలిగినవారి విలాసమని కోర్టు అనుకోలేదు, బతుకు ఖర్చులో భాగమంది. రాజ్యాంగం 43వ అధికరణంలోనూ జీవన వేతనం వెంటే తీరిక, సామాజిక, సాంస్కృతిక అవకాశాలు కనిపిస్తాయి. అలాంటప్పుడు ఊరందరికీ పండగ అమర్చిపెట్టేవాడికి తన పిల్లల్ని ఒక్క రాట్నం ఎక్కించే స్తోమత లేకపోతే అతనికి అందింది కనీస వేతనం కాదు.

బౌద్ధం ఈ మాటను చాలా ముందే చెప్పింది. దీఘనికాయంలోని సిగాలోవాద సూత్రంలో బుద్ధుడు యజమాని బాధ్యతలు ఐదు చెప్పాడు: బలానికి తగ్గ పని ఇవ్వడం, తిండీ కూలీ ఇవ్వడం, జబ్బుపడితే చూసుకోవడం, రుచికరమైనవి పంచుకోవడం, సమయానికి విడిచిపెట్టడం. ఆ సూత్రానికి పాళీ వ్యాఖ్యానమైన అట్ఠకథ ఈ చివరిదాన్ని వివరిస్తూ, ఉత్సవాల వేళ పనివారికి నగలూ తినుబండారాలూ ఇచ్చి పంపాలంటుంది. ఆ వ్యాఖ్య సంప్రదాయంలో ప్రసిద్ధుడైన బుద్ధఘోషుడిది ఈ పల్నాటి ప్రాంతమేనని కొందరు పండితుల అభిప్రాయం. మాచర్ల వైపున్న నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు విహారాలతోపాటు ప్రేక్షకులు కూర్చునే మెట్ల రంగస్థలమూ బయటపడింది. వినోదం, విహారం ఒకే ఊళ్లో పక్కపక్కన ఉన్న నేల ఇది.

ఇటీవలి అంకెలు మాత్రం ఆ ఆదర్శానికి దూరంగా ఉన్నాయి. కేంద్రం 2019లో ప్రకటించిన జాతీయ స్థాయి కనీస కూలి రోజుకు 178 రూపాయలు. నెలకు 26 రోజులు పని దొరికితే 4,628 రూపాయలు. నలుగురి ఇంటికి పంచితే మనిషికి రోజుకు 39 రూపాయలైనా రాదు. అందులోనే అద్దె, గ్యాసు, బడి, మందులు. ఆ ఏడాదే కేంద్రమే నియమించిన అనూప్ సత్పతి కమిటీ 2018 ధరల్లోనే 375 రూపాయలు ఉండాలని సూచించింది. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి 307. ఏటా కొన్ని నెలలే తిరునాళ్లలో పని దొరికే మనిషికి 26 రోజుల లెక్క కూడా ఊహే. కనుక సీజను పనికి రోజుకూలి మామూలు కూలి కంటే ఎక్కువుండాలి. ఖాళీ నెలల బతుకునూ ఆ పని రోజులే మోయాలి కదా.

కనీస వేతనానికి దిగువన పనిచేయించుకోవడాన్ని సుప్రీంకోర్టు చిన్న తప్పుగా వదల్లేదు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో, చట్టం చెప్పిన కనీసం కంటే తక్కువకు పనిచేయించడం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని తీర్పిచ్చింది. ఆకలి కూడా బలవంతమేనని జస్టిస్ భగవతి వివరించారు. ఆ కేసు కూడా ఉత్సవానికి సంబంధించినదే. దేశం తన వేడుకకు స్టేడియాలు కడుతూ, కట్టేవారి కూలిలో కోత పడనిచ్చింది.

కోటప్పకొండలో కులాలవారీ సత్రాలు యాత్రికులకు అన్నం పెడతాయి. పనివారూ అక్కడే తింటారు. ఇది గొప్ప సంప్రదాయం. బ్రహ్మనాయుడి చాపకూడు కథ పుట్టిన పల్నాటిలో అన్నం పంచడానికి ఉన్న గౌరవం ఇంకెక్కడా ఉండదు. కాని సత్రంలో భోజనం దొరుకుతుందిగా అని బత్తా తగ్గిస్తే, దాత ఇచ్చిన అన్నం కాంట్రాక్టరు జేబులోకి పోయినట్టే. దానం అందుకున్నవాడు దాతకు రుణపడతాడు. కూలి అందుకున్నవాడు ఎవరికీ రుణపడడు, పడకూడదు. అందుకే రెండింటినీ ఒకే పద్దులో రాయరాదు. పొద్దు గుంకేలోపు కూలి ఇచ్చేయమని బైబిలు, చెమట ఆరకముందే ఇవ్వమని ప్రవక్త హదీసు చెప్పడంలో ఉన్న పట్టుదల ఇదే. కూలి ఆలస్యమైనా అది దయగా మారిపోతుంది.

యజమానుల వైపు నిజమైన కష్టం ఒకటుంది, దాన్ని దాటవేయలేం. వినోదాల స్థలం వేలంపాటలో దక్కాలి. ఆదాయం వచ్చేది కొద్ది రోజులే. టిక్కెట్టు ధర పెంచుదామంటే రాట్నం ఎక్కేది మిర్చి కోతల కూలీల పిల్లలు. మహాశివరాత్రి సరిగ్గా పల్నాటి మిరపకోతల కాలంలో వస్తుంది. పండగకు వెళితే ఆ రోజు కూలి పోతుంది. పోగొట్టుకున్న కూలి మీద ఖరీదైన టిక్కెట్టు కూడా కొనమనడం ఒక పేదవాడి న్యాయాన్ని ఇంకో పేదవాడి చేత కట్టించడమే. అయితే పాటకు, కూలికి మధ్య సంబంధాన్ని కూడా చూడాలి. ఎక్కువ పాడినవాడికే స్థలం దక్కే పద్ధతిలో, పాట పెరిగే కొద్దీ మిగిలిన ఖర్చుల్లో కోసుకోవడానికి వీలైనది కూలి ఒక్కటే. డీజిలు ధర తగ్గదు, లారీ బాడుగ తగ్గదు. అంటే వేలం సొమ్ము పుణ్యకార్యాలకే వెళ్లినా, దానిలో కొంత పనివాడి నోటి దగ్గర కూడు అయ్యే ప్రమాదముంది. నేల ఎవరిదైతే పాపంలో వాటా వారికీ ఉంటుంది.

ఈ తర్కాన్ని అమెరికాలోని ఆనహైమ్ నగర ఓటర్లు 2018 నవంబరులో చట్టం చేశారు. డిస్నీల్యాండ్ ఉన్న ఆ ఊళ్లో, నగరపాలక సంస్థ నుంచి రాయితీ పొందే ఆతిథ్య సంస్థలు 2019 నుంచి గంటకు కనీసం 15 డాలర్లు, 2022 నాటికి 18 డాలర్లు ఇవ్వాలని, తరవాత ధరలతోపాటు పెంచాలని నిర్ణయించారు. డిస్నీకి అది వర్తిస్తుందా అన్న వివాదంలో 2023లో అప్పీలు కోర్టు వర్తిస్తుందనే తేల్చింది. ప్రజల సొమ్ము అందుకున్నవారు ప్రజల్లో ఒకరైన కార్మికుణ్ని ఆకలితో ఉంచరాదన్నది దాని సూత్రం. ప్రజల నేల, ప్రజల మొక్కులు, ప్రజల రోడ్డు మీద ఆధారపడిన తిరునాళ్లకు ఆ సూత్రం ఇంకా బాగా వర్తిస్తుంది.

మన రాష్ట్రంలోనూ దారి లేకపోలేదు. ఆలయాల్లో తలనీలాలు తీసే నాయీబ్రాహ్మణుల కనీస నెలసరి ఆదాయాన్ని 25 వేల రూపాయలకు పెంచాలని ప్రభుత్వం 2024 ఆగస్టులో నిర్ణయించింది. గుండుకు ఇంత అని ముట్టే సొమ్ము మీద బతికినవారికి అది కింది అంచు. కత్తి పట్టినవారికి ఒప్పుకున్న న్యాయం చీపురు పట్టినవారికి, రాట్నం గొళ్లెం పట్టినవారికి ఒప్పుకోకపోవడానికి ధార్మిక కారణమేదీ లేదు. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ కనీస వేతనాన్ని అన్ని రంగాల పనివారికీ హక్కు చేసింది. మిగిలింది వేలం షరతుల్లో రాయడం: బిగించే రోజులు, విప్పే రోజులు, ప్రయాణపు రోజులు పనిదినాలుగా లెక్కించాలి. భోజనం కూలిలో కోయరాదు. కూలి పండగ ముగిసిన రోజునే, సంతకం తీసుకుని, స్థలం ఖాళీ చేయకముందే ముట్టాలి. కాంట్రాక్టరు ఎగ్గొడితే ధరావతు నుంచి పనివారికి ఇవ్వాలి. రాత్రి షిఫ్టు అయ్యాక ప్రతివారికీ ఒక పూట సెలవు, కొండ మీద దర్శనానికి క్యూలో చోటు, ఇంటివారికి రాట్నం టిక్కెట్లు కూడా ఆ కాగితంలోనే ఉండాలి.