ఊపిరికి ఉపవాసము లేదు

ఏకాదశినాడు అన్నము మానవచ్చును. నిర్జల వ్రతము పట్టినవారు నీటిని సైతము విడుతురు. ఊపిరిని మాని చేయు వ్రతము మాత్రము లేదు. కుంభకములో శ్వాసను ఎంత నిలిపినను, రక్తములో బొగ్గుపులుసు వాయువు పెరిగినంతనే మెదడు అడుగుభాగమునందలి కేంద్రము బలవంతముగా శ్వాస తీయించును. ఇంద్రియములు తమలో ఎవరు గొప్పయని వాదులాడుకొనగా, ప్రాణము బయలుదేరబోవుటతోనే తక్కినవన్నియు కదలిపోయి దానికి తలవంచినవని ఛాందోగ్యోపనిషత్తు చెప్పు కథ ఊరక పుట్టినది కాదు.

దినమునకు 21,600 శ్వాసలని పెద్దలు లెక్కించిరి. అనగా నిమిషమునకు 15. నేటి వైద్యుల లెక్కయు 12 మొదలు 20 వరకే. శ్వాసకు సుమారు అర లీటరు చొప్పున దినమునకు పదివేల లీటర్లకు పైగా గాలి లోనికి పోవుచున్నది. ముక్కు దానిని వెచ్చచేసి, తడిపి, వెండ్రుకలతోను జిగటపొరతోను ధూళిని పట్టును. శ్వాసనాళములలోని సన్నని నూగు చిక్కిన మురికిని పైకి నెట్టుచునే యుండును. ఊపిరితిత్తులలో కోట్లకొలది గాలిగదులు కలవు. వాని గోడలు మిక్కిలి పలుచన. ఆ పలుచదనము వలననే ప్రాణవాయువు రక్తములో చేరుచున్నది. దాని వలననే విషమును చేరుచున్నది. అమోనియా వలె నీటిలో వేగముగా కరుగు వాయువులు ముక్కు గొంతులలోనే మండి హెచ్చరించును. అంతగా కరుగనివియు, మిక్కిలి సన్నని ధూళియు హెచ్చరింపకయే లోతునకు పోవును. పైగా ఒకే వాసనలో కొంతసేపున్న ముక్కు దానిని గుర్తించుట మానును. వాసన పోయినదని మనస్సు తృప్తిపడును. గాలి మాత్రము మారి యుండదు.

సంగారెడ్డి ప్రాంతమున పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం వైపు 1970వ దశకము నుండి మందుల, రసాయనముల కర్మాగారములు వెలసినవి. పొలముపై బ్రతికిన ఇండ్లకు నెలజీతము వచ్చినది. దానిని తేలికచేసి మాటలాడుట న్యాయము కాదు. నక్కవాగు మాత్రము చెడినది. ఈ కాలుష్యముపై 1990లో సుప్రీంకోర్టుకెక్కిన వ్యాజ్యము చేతులు మారి, 2017లో జాతీయ హరిత ట్రిబ్యునలులో తీర్పునకు వచ్చినది. వాగు చెడినచో మంచినీటిని వేరొకచోటి నుండి తేవచ్చును. గాలిని ఎవరు, ఎచ్చటి నుండి తెత్తురు?

ధర్మసందేహ మిచ్చటనే యున్నది. అన్నదోషమునకు భుజించువాడును కొంత బాధ్యుడు. విచారించి మానగలడు గనుక. గాలిదోషమునకు పీల్చువానిని బాధ్యుని చేయుటకు వీలులేదు. ఆ భారమంతయు విడుచువానిదే. జీతమిచ్చితిమి గదా యను సమాధానము చాలదు. జీతగాడు ఒప్పుకొనెననుకొన్నను, ప్రహరీ కవతలి పసిబిడ్డ ఏ ఒప్పందముపై వేలిముద్ర వేసినది? అప్పుడు పుట్టిన శిశువు నిమిషమునకు నలువది సార్లు శ్వాసించును. ప్రాణాపానములతో కూడి ప్రాణుల దేహములలో వైశ్వానరుడనై తానే యున్నానని భగవంతుడు గీత పదునైదవ అధ్యాయమున సెలవిచ్చెను. పొగ విడుచువాడు, అది ఎవరి సన్నిధికి చేరుచున్నదో ఆలోచింపక, ఏడాదికొకమారు కొండకు వచ్చి హుండీలో కానుక వేసినచో లెక్క సరిపోవునా? కర్మాగారములన్నియు అట్టివని కాదు. శుద్ధియంత్రములకు సొమ్ము వెచ్చించువారును కలరు. వారికి ఈ ప్రశ్న కష్టము కాదు.

రాత్రి షిఫ్టు ముగించి ఇల్లు చేరిన కార్మికుడు స్నానము చేసి, తిరుమణి ధరించి, సంధ్యకు కూర్చుండును. ఒక ముక్కుపుటము మూసి, రెండవదానితో పూరకము చేయును. ఆ గాలి, తాను రాత్రియంతయు కాచిన పొగగొట్టము మీదుగా వచ్చినదే. ప్రక్కగదిలో బిడ్డ నిద్రలో దానినే పీల్చుచున్నది.