రక్షణ కూలియా, వరమా?

ధ్యాన భాగము: ఎఫెసీయులకు 2:8–10



సువార్త మన గ్రామములకు రాకమునుపే కన్నుమూసిన మన తాతముత్తాతల గతి ఏమి? ఈ ప్రశ్నను మన సంఘములలోని వృద్ధులు అడుగగా మనము అనేకమారులు వినియున్నాము. 1878లో ఒంగోలు ప్రాంతమున గుండ్లకమ్మ యొడ్డున ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ దినము చూడక మృతినొందిన తలిదండ్రులను, అవ్వతాతలను తలంచుకొని వారిలో ఎందరు కన్నీరు విడిచిరో!

ఈ దుఃఖమునకు మోర్మనులు ఒక జవాబు చెప్పుచున్నారు. 1830లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జోసెఫ్ స్మిత్ వారి సంఘమును స్థాపించెను. స్థానిక సంఘములు అనేకము చేరిన మండలమును వారు స్టేకు అందురు. భారతదేశమున వారి మొదటి స్టేకు 2012లో హైదరాబాదులోనే ఏర్పడెను. గనుక వారి బోధ మనకు దూరమైనది కాదు. దానిని వక్రపరచక, ఉన్నదున్నట్లుగా తెలిసికొని, వాక్యముతో పోల్చి చూతము.

క్రీస్తు ప్రాయశ్చిత్తమువలన మనుష్యులందరును మృతులలోనుండి లేతురనియు, అది ఉచిత వరమనియు వారును ఒప్పుకొందురు. అయితే దేవుని సన్నిధిని సంపూర్ణ మహిమ పొందుటకు విశ్వాసము, మారుమనస్సు, తమ యాజకత్వము గలవారిచేత బాప్తిస్మము, హస్తనిక్షేపణము, మందిర సంస్కారములు, అక్కడ నిత్యత్వమునకై ముద్రింపబడిన వివాహము, అంతమువరకు విధేయత, ఇవన్నియు కావలెనని బోధింతురు. సూర్య చంద్ర నక్షత్రముల కాంతికి పోల్చబడిన మూడు మహిమలు కలవని స్మిత్ 1832లో చెప్పెను. 1840లో మృతులకొరకైన బాప్తిస్మమును బోధించెను. బ్రదికియున్నవాడు మృతుని పేరట నీటిలో మునుగును. దానిని అంగీకరించుటయో నిరాకరించుటయో ఆ మృతుని ఆత్మకే విడువబడునని వారందురు. అందుకే తమ పితరుల పేర్లను మిక్కిలి శ్రద్ధగా వెదకుదురు.

చనిపోయినవారియెడల వారికున్న ఈ ప్రేమను మనము ఎగతాళి చేయరాదు. అయితే వారు ఆధారముగా చూపు 1 కొరింథీయులకు 15:29 నిదానముగా చదువుడి. అచ్చట పౌలు పునరుత్థానము నిజమని వాదించుచు కొందరు చేయుచున్న పనిని ఎత్తి చూపుచున్నాడేగాని, సంఘమునకు అట్టి ఆజ్ఞ నిచ్చుట లేదు. సిలువమీది దొంగను చూడుడి. అతనికి బాప్తిస్మము లేదు, మందిర సంస్కారము లేదు, మంచి క్రియలు చేయుటకు ఒక్క దినమైనను మిగులలేదు. అయినను ప్రభువు ఆ దినముననే అతనిని తనతోకూడ పరదైసునకు చేర్చుకొనెను.

మోర్మను గ్రంథములో మన శక్తికొలది చేసిన ప్రయత్నమును కృపకు ముందు నిలుపు మాట యొకటి కలదు. దానిని వారిలోనే పలువురు పలువిధముల వివరింతురు. అయినను చేయగలిగినదంతయు చేసితినని చెప్పి నెమ్మదిగా నిద్రింపగలవాడెవడు?

ఈ రోగము మనలో లేదా? కానుక తప్పక వేసితిమి, ప్రభువు బల్లకు తప్పక వచ్చితిమి, గనుక దేవుడు మనకు బాకీపడెనని లోలోపల తలంచుట లేదా? కూలివాడు సాయంకాలము కూలి అడుగును. బిడ్డ ఇంటికి వచ్చి అన్నమునకు కూర్చుండును. బిడ్డయు పొలములో పనిచేయును. అయితే అన్నము సంపాదించుకొనుటకు కాదు, అది తన తండ్రి పొలము గనుక. మన సత్క్రియలు అట్టివే. అవి రక్షణకు వెల కావు, రక్షణకు ఫలములు.

మన పితరుల సంగతి ఏమి? వారి పేరట మనము నీటిలో మునుగవలసిన పని లేదు. సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయునని అబ్రాహాము నమ్మెను (ఆదికాండము 18:25). ఆయన చేతులు మన చేతులకంటె జాలిగలవి. వారిని ఆయనకే అప్పగింతము. మన చేతిలో నున్నది బ్రదికియున్నవారి సంగతి: మన యింటనే వాక్యము వినని మనుమడు, మన వీధిలో ప్రభువు నెరుగని పొరుగువాడు.

మోర్మను బోధకులు మన గుమ్మమునకు వచ్చినయెడల మంచినీళ్లిచ్చి కూర్చుండబెట్టుదము. వారి మాట విందము. మన నిరీక్షణకు హేతువును సాత్వికముతో చెప్పుదము (1 పేతురు 3:15). సిలువమీద పని సమాప్తమైనది. దానికి మనము చేర్చవలసినది ఏమియు లేదు. కృతజ్ఞతతో బ్రదుకుటయే మిగిలియున్నది. ప్రభువు మనకు అట్టి కృప ననుగ్రహించును గాక. ఆమేన్.