జబ్బు ఎవరి కర్మ?

నలభై నిండని స్త్రీకి గుండెపోటు వచ్చిందంటే, చుట్టూ ఉన్నవాళ్లు పూర్వజన్మ పాపమంటారు; కాస్త చదువుకున్నవాళ్లు తిండి మీద, నడక మీద శ్రద్ధ లేకపోయిందంటారు. మాట మారినా నేరం రోగిదే.

కర్మను నమ్మిన సంప్రదాయాలే ఈ తీర్పును పూర్తిగా ఒప్పుకోలేదు. మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనా అని శివకుడనే పరివ్రాజకుడు అడిగితే, బుద్ధుడు కాదన్నట్టు బౌద్ధ గ్రంథం సంయుత్త నికాయం చెబుతుంది. పిత్తం, శ్లేష్మం, వాతం, రుతువుల మార్పు వంటి ఎనిమిది కారణాలు చెప్పి, కర్మను వాటిలో ఒకటిగానే లెక్కించాడు. ఆయుర్వేద గ్రంథం చరక సంహిత విమానస్థానం ప్రకారం ఆయుష్షు దైవం (పూర్వకర్మ) మీదా, పురుషకారం (మనిషి ప్రయత్నం) మీదా ఆధారపడుతుంది. ఆయువు ముందే ఖరారైతే వైద్యానికి పనేమిటన్నది అక్కడి వాదం. రోగి నాడి పట్టినవాడికి తప్పనిసరి వాదమే అది.

1948లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో మొదలైన అధ్యయనం వల్ల ‘రిస్క్ ఫ్యాక్టర్’ అనే మాట వాడుకలోకి వచ్చింది. బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగడం జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచుతాయి. ఫలానా మనిషికి ఎందుకు వచ్చిందో మాత్రం ఆ లెక్క తేల్చదు. పైగా చిన్న వయసు స్త్రీలకు వేరే ముప్పులున్నాయి. గర్భంతో ఉండగా బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా తర్వాతి కాలంలో గుండెజబ్బు అవకాశాన్ని సుమారు రెట్టింపు చేస్తుంది. గర్భిణిగా ఉన్నప్పటి షుగర్, లూపస్ అనే రోగనిరోధక వ్యవస్థ జబ్బు, నలభై లోపే ముట్లుడగడం కూడా ముప్పే. ఒక్కోసారి ఇవేవీ లేకుండానే గుండె రక్తనాళం లోపలి పొర దానంతటదే చీలుతుంది. వీటిలో ఆమె కోరి తెచ్చుకున్నది ఏదీ లేదు.

తెలుగు నేలలో ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలోకెల్లా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపాయి. దాంతోపాటు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోయి గుండెకు ముప్పు పెరుగుతుంది. ఆ ఆపరేషన్ చెప్పింది డాక్టరు, సరేనన్నది ఇంటివాళ్లు. దీన్ని ఎవరి కర్మ ఖాతాలో రాయాలి?

పురుషకారానికి చోటు లేదని కాదు. పొగాకు మానడం, బీపీ చూపించుకోవడం ఆమె చేతిలో ఉన్నవే. అయితే ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పుకొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీకి అది ఇంటి పెద్దల నుంచి అబ్బిన అలవాటు. పొగచూరిన వంటిల్లు ఆమె ఒక్కతే మార్చగలిగేదీ కాదు. ఆమె బాధ్యతను ఆమెకున్న వెసులుబాటు మేరకే కొలవాలి.

అందుకే ఆమె చేయగలిగింది ఒకటుంది: కాన్పు నాటి బీపీ, షుగర్ కాగితాలు పారేయకుండా దాచి, ఆ తర్వాత ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా చూపించాలి. వాటి గురించి అడగాల్సిన బాధ్యత డాక్టరుకూ ఉంది.