ఒర్రె ఎవరిది?

రెండు చెల్కల మధ్య నుంచి వానాకాలం మాత్రమే పారే ఒర్రె ఎవరి ఆస్తి? రికార్డుల్లో వెతికితే జవాబు చాలా సులువు. పాత గ్రామ నక్షాల్లో పెద్ద వాగులకు జోడు గీతలుంటాయి. చిన్న ఒర్రె ఎవరిదో ఒక సర్వే నంబరులో కలిసిపోయి ఉంటుంది. అంటే కాగితం మీద అది పట్టాదారు భూమే. ఆయన దాన్ని పూడ్చి దున్నుకుంటే ఎవరికీ ఏమీ పోయినట్టు కనిపించదు.

పోయేది కింది ఊళ్లో. నల్లగొండ, మహబూబ్‌నగర్ నేలల్లో చాలాచోట్ల పైన పలచటి ఎర్రమట్టి, కింద నల్లరాయి. గట్టి వాన పడితే ఇంకేది తక్కువ, ఉరికేది ఎక్కువ. అందుకే మనవాళ్లు గొలుసుకట్టు చెరువులు కట్టారు. పై కుంట నిండితే మత్తడి దూకి, ఆ నీళ్లు కింది చెరువుకు చేరాలి. పానగల్లు ఉదయసముద్రం లాంటి పెద్ద చెరువుల గురించి చరిత్రలో చదువుకుంటాం. వాటిని నింపే ఒర్రెలకు పేర్లు కూడా ఉండవు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తెచ్చింది. చెరువును లెక్కపెట్టొచ్చు, కట్టను కొలవొచ్చు. నడుమ దారి తెగితే మాత్రం ఒకే వానకు ఒకరి పొలం మునుగుతుంది, ఇంకొకరి చెరువు ఎండుతుంది.

సెలవు రోజుల్లో నేను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఈ ఒర్రెల్ని గీస్తుంటాను. ఉచితంగా దొరికే ఎత్తుపల్లాల డేటాలో ఒక్కో గడి 30 మీటర్లు, అంటే దాదాపు తొమ్మిది గుంటల నేలకు ఒకటే అంకె. రెండు మీటర్ల ఒర్రె అందులో ఎక్కడ కనబడుతుంది? వానాకాలం ఉపగ్రహ చిత్రాల్లో మబ్బులు అడ్డం. ఎండాకాలం చిత్రంలో అదొక తుప్పల వరస. ఒకప్పుడు ఈ మ్యాప్ అంతా ఊరి నీరడి బుర్రలో ఉండేది. మా పెద్దనాన్నను అడిగితే, "ఒర్రె మనదెట్లయితది బిడ్డా, అది నీళ్ల తొవ్వ గదా" అన్నాడు.

అయితే గీత గీయడం అమాయకమైన పని కాదు. రేపు ఆ గీతను చూపించి ఎకరం రైతు మీద కేసు పెట్టొచ్చు. ఇరుకు తూములతో నీళ్లకు అడ్డంగా వేసిన రోడ్డు కట్టను మాత్రం ఎవరూ అడగకపోవచ్చు. పోనీ గీయకుండా వదిలేద్దామా? అప్పుడు "మ్యాప్‌లో లేదు కాబట్టి అక్కడ ఒర్రే లేదు" అని వెంచర్ వేసేవాడికి సాక్ష్యం మనమే ఇచ్చినట్టు. రెండింటిలో ఏది చేసినా ఎవరో ఒకరి పక్షం తీసుకున్నట్టే.

1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో ఒక ఉదాహరణ ఉంది: పై భూమి మీద పడిన వాన నీళ్లు సహజంగా పల్లానికి పారితే కింది భూమి యజమాని రానివ్వాలి. కిందివాడి బాధ్యత స్పష్టంగానే ఉంది. మరి ఆ నీళ్లు ఏ దారిన, ఎంత వేగంతో వస్తాయో పైవాడి చేతిలో ఉన్నప్పుడు, తను ఎప్పుడూ చూడని మనిషికి ఆయన ఏం బాకీ?

నాకు తోచింది ఇది. ఒర్రె పూడిస్తే నష్టం లేదని చెప్పే హక్కు పూడ్చినవాడి ఒక్కడిదే కాకూడదు. మునిగే పొలం వాళ్లు కూడా చెప్పాలి. కాబట్టి మ్యాప్ పని పల్లం నుంచి మొదలుకావాలి. మునిగిన పొలం దగ్గర ఆగి, నీళ్లు ఎటునుంచి వచ్చాయో అడిగి, పైకి నడవాలి. అలా పైకి వెళ్లాక పై రైతు లెక్క కూడా వినాలి. రెండు మీటర్ల వెడల్పు, వంద మీటర్ల పొడవు ఒర్రె అంటే దాదాపు రెండు గుంటలు, ఎకరంలో ఇరవయ్యో వంతు. కింది ఊళ్లన్నిటి క్షేమం కోసం ఆ రెండు గుంటలు వదులుకొమ్మని ఒక్కడినే అడుగుతున్నాం, అదీ ఉచితంగా. దానికి కట్టాల్సిన పరిహారం గురించి మాట్లాడకుండా ఆయన్ని ఆక్రమణదారు అనడం నాకు న్యాయంగా అనిపించదు.