ఆభరణము కరిగిన పిమ్మట మిగులునది

బంగారము నిప్పులో కరిగినను బంగారమే. కంకణము కరిగి ముద్ద యైనను, ఆ ముద్దయే తిరిగి కుండల మైనను, లోహమునకు కలిగిన హాని యేమియు లేదు. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువునకు, కారణమును తెలిసికొన్నచో కార్యములన్నియు తెలియునని బోధించుచు మట్టిని, బంగారమును, ఇనుమును దృష్టాంతములుగా చూపెను. పాఠశాలలో గురువుగారి సన్నిధిని ఈ ఘట్టమును చదివిన నాటినుండి నా మనస్సున ఒక సందేహము నిలిచి యుండెను. ఆభరణము కరిగిపోయినపుడు నష్టమైనది ఏదైన కలదా, లేదా?

ఇది పండితుల వాదమునకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. ప్రతి గృహస్థునకు ఒకనాడు ఎదురగునట్టిది. నాకును ఎదురైనది. నా పెద్దకుమార్తె వివాహ సమయమున, అప్పటికే కాలధర్మము చెందిన మా తల్లిగారి కంటెను కరిగించి క్రొత్త నగలు చేయింప నిశ్చయించితిని. కంసాలి ఆ కంటెను చేతిలోనికి తీసికొని, వెలుతురునకు పట్టి, చాలసేపు చూచెను. "అయ్యగారూ, ఈ నకిషీ పని చేసేవాళ్లు ఇప్పుడు మాలో లేరు. వేరే బంగారం ఏమైనా చూసుకోరాదా అండీ?" అనెను. నేను నవ్వి, "ఏ రూపంలో ఉన్నా బంగారం బంగారమే కదా నాయనా" అని ఉపనిషదర్థమును అతనికి వినిపించితిని. అతడు మారు పలుకలేదు. మూసలో వేసి కుంపటిపై నుంచెను. కొలదిసేపటికి కంటె లేదు. తరుగు పోగా మిగిలిన ముద్దను త్రాసులో తూచి నాకు లెక్క చెప్పెను. ఇంటికి వచ్చిన పిదప నా భార్య, "అత్తగారు ప్రతి శుక్రవారం దాన్ని కుంకుడు నురుగుతో తామే కడుక్కునేవారు" అని మాత్రము అనినది.

చాల ఏండ్లకు, దక్షిణ అమెరికా ఖండమందలి ఆండీస్ పర్వత ప్రాంతముల చరిత్రను చదువుచుండగా ఈ ప్రశ్నయే మహారూపమున నా యెదుట నిలిచినది. నేను ఒక కంటె విషయమున చేసినది, అచ్చట ఒక సామ్రాజ్యపు సంపద విషయమున జరిగినది. దూరదేశపు కథ యైనను, ఇందు మనము నేర్వదగినది కలదని తలచి పాఠకులకు విన్నవించుచున్నాను.

ఆండీస్ పర్వతపంక్తి ఆ ఖండపు పడమటి తీరము వెంట సుమారు 7,000 కిలోమీటర్లు సాగియున్నది. నేటి కొలంబియా, ఈక్వెడార్, పెరూ, బొలీవియా మున్నగు దేశములు ఆ పర్వతముల నాశ్రయించి యున్నవి. టిటికాకా సరస్సు సమీపమున జిస్కైరుమోకో అను చోట ఒక సమాధిలో తొమ్మిది బంగారు పూసలును, వాని నడుమ ఆకుపచ్చని రాతిపూసలును కూర్చిన హారము దొరకినది. అది సుమారు 4,000 సంవత్సరముల నాటిది. అమెరికా ఖండములలో అంతవరకు లభించిన బంగారు నగలలో అదియే ప్రాచీనతమమని పురావస్తు శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించిరి. ఆ కాలమున అచ్చట రాజులు లేరు, నగరములు లేవు. ఏటిలో దొరకు బంగారమును సుత్తెతో కొట్టి రేకుగా సాగదీసి, దానిని చుట్టి పూసలు చేసిరి. రాజ్యము కంటె ముందు అచ్చట ఆభరణము పుట్టినది.

తరువాతి కాలమున ఆ ప్రాంతము నేలిన ఇన్కా ప్రభువులు తాము సూర్యుని సంతతి వారమని నమ్మిరి. బంగారము సూర్యునకును, వెండి చంద్రునకును చెందినవని వారి భావన. వారి రాజ్యమున నాణెములు లేవు. ప్రజలు పన్నును ధనరూపమున గాక శ్రమరూపమున చెల్లించెడివారు. కావున బంగారముతో ధాన్యము కొనుట, ఋణము తీర్చుట అనునవి వారెరుగరు. ఉన్నత వంశీయుల బాలురకు యుక్తవయస్సున చెవులు కుట్టు సంస్కార ముండెడిది. పిదప చెవితమ్మెలలో పెద్ద పెద్ద బిళ్లలు ధరించెడివారు. వానిని చూచియే స్పెయిన్ దేశస్థులు వారిని పెద్ద చెవుల వారని పిలిచిరి. ఆ బిళ్లను చూచిన వారికి ధరించినవాని వంశము, పదవి తెలియును. అతని ఐశ్వర్యము ఎంత అను ప్రశ్నయే పుట్టదు.

ఇన్కాలకు వేయి సంవత్సరములకు పూర్వము పెరూ ఉత్తర తీరమున మోచే అను జాతివారు వెలసిరి. 1987లో సిపాన్ గ్రామము చెంత దొంగలు ఒక మట్టిదిబ్బను త్రవ్వి నగలు అపహరించిరి. ఆ వార్త విని వాల్టర్ ఆల్వా అను పురావస్తు శాస్త్రజ్ఞుడు అచ్చటికి చేరి, దొంగల చేతికి చిక్కని ఒక ప్రభువు సమాధిని వెలికి తీసెను. ఆ ప్రభువు కంఠమున వేరుసెనగ కాయల ఆకారమున చేసిన పెద్ద గుండ్ల హారము కలదు. కుడివైపున పది కాయలు బంగారువి, ఎడమవైపున పది కాయలు వెండివి. రత్నములు గాక, పొలములో పండు కాయను ప్రభువు కంఠమున నిలుపుటలో ఆ జాతివారి హృదయము కానవచ్చుచున్నది. కుడియెడమల బంగారు వెండులు సూర్యచంద్రులకు, పగలు రాత్రులకు సంకేతములని పరిశోధకులు పలువురు తలంచుచున్నారు. ఆ హారమును కరిగించి యుండినచో రెండు లోహములును దక్కెడివి. వాని నడుమ నున్న అర్థము మాత్రము దక్కెడిది కాదు.

వారి పనితనమున మరియొక విశేషము కలదు. మనము రాగి వస్తువునకు బంగారు వన్నె తేవలెనన్న పైన పూత పూయుదుము. ఆండీస్ స్వర్ణకారులు పెక్కుచోట్ల వేరొక మార్గము నవలంబించిరి. బంగారమును, వెండిని, రాగిని ముందుగనే కలిపి రేకు చేసెడివారు. ఆ రేకును మాటిమాటికి కాల్చి, పైకి తేలిన రాగి మసిని పులుసు గల ద్రవములతో తొలగించెడివారు. పిదప వెండిని తీసివేసెడివారు. తుదకు లోనున్న బంగారము ఉపరితలమున మిగిలి మెరసెడిది. అమెరికాలో ఈ విద్యను దీర్ఘకాలము పరిశోధించిన హెదర్ లెక్ట్‌మన్ అను విదుషి దీని యందు ఒక తత్త్వమును గుర్తించినది. వస్తువు వెలుపల కనిపించు గుణము దాని లోపలను ఉండవలెననుట వారి నియమమని ఆమె వివరించినది. పైపూత కాదు, అంతస్సారమే బయటపడవలెను. మనుష్యుని శీలమునకు ఇంతకంటె చక్కని ఉపమానము దొరకునా?

కొలంబియా మిట్టభూముల యందలి ముయిస్కా జాతివారి ఆచారము మన భక్తులకు సులభముగా అర్థమగును. వారు మైనముతో చిన్న బొమ్మను చేసి, దానిపై మట్టి పొదిగి, కాల్చి, మైనము కరిగి పోయిన ఖాళీలో లోహమును పోసెడివారు. మన ఆలయముల ఉత్సవమూర్తులను మన శిల్పులు పోతపోయునది ఇట్టి మధూచ్ఛిష్ట విధానముననే. కాని ముయిస్కాలు ఆ బొమ్మలను పెక్కుమారులు మెరుగు పెట్టక, పోతపోసిన గరుకు అట్లే యుండగా సరస్సులలోను, గుహలలోను దేవతలకు అర్పించెడివారు. అవి మనుష్యులకు చూపుటకు చేసినవి కావు. గ్వాతవీతా సరస్సున వారి నాయకుడు దేహమంతయు బంగారు పొడి అలదుకొని, తెప్పపై నీటి నడుమకు వెళ్లి కానుకలు సమర్పించెడివాడని చెప్పుదురు. 1969లో పాస్కా అను గ్రామము చెంత ఒక గుహలో రైతులకు బంగారు తెప్పయొకటి దొరకినది. జానెడు పొడవైనను లేని ఆ తెప్పపై నాయకుడు, చుట్టును పరివారము కలరు. అది నేడు బొగోటా నగరపు స్వర్ణ మ్యూజియమున నున్నది. గ్వాతవీతా విషయమున జరిగినదేమి? 1580ల నాటినుండి ధనాశాపరులు గట్టు తెగగొట్టి ఆ నీటిని తోడ యత్నించుచునే యుండిరి. 1965లో ప్రభుత్వము దానిని రక్షిత ప్రదేశముగ ప్రకటించిన పిదప గాని ఆ సరస్సునకు శాంతి లభింపలేదు. దేవునకు ఒకరు సమర్పించినది వేరొకరి కంటికి అడుగున పడియున్న ధనముగ మాత్రమే కనిపించినది.

ఇక అసలు వృత్తాంతము. 1532 నవంబరు 16న కహమార్కా పట్టణమున ఫ్రాన్సిస్కో పిజారో అను స్పెయిన్ సేనాని ఇన్కా చక్రవర్తి అటాహువాల్పాను బందీ చేసెను. చక్రవర్తి తన విడుదల కొరకు, సుమారు 22 అడుగుల పొడవు, 17 అడుగుల వెడల్పు గల గదిని ఒకమారు బంగారముతోను, రెండుమారులు వెండితోను నింపించెదనని మాట యిచ్చెను. రాజ్యము నలుమూలల నుండి పాత్రలు, ఆభరణములు, ప్రతిమలు వచ్చి చేరినవి. రాజధాని యగు కుస్కోలోని సూర్యాలయము పేరు కొరికాంచా. బంగారు ప్రాకారమని దాని యర్థము. దాని గోడలకు తాపిన సుమారు 700 బంగారు రేకులను ఊడబెరికిరి. వచ్చిన వస్తువులలో అత్యధిక భాగమును తొమ్మిది కొలుములలో నెలల తరబడి కరిగించిరి. సుమారు 6 టన్నుల బంగారు కడ్డీలు, 12 టన్నుల వెండి లభించెను. సైనికులు తూచి పంచుకొనిరి. మాట చెల్లించినను చక్రవర్తిని 1533 జూలైలో చంపిరి. ఈ కథలో నన్ను మిక్కిలి కలచిన విషయము వేరొకటి కలదు. ఆ కొలుముల కడ పని చేసినవారు పరదేశీయులు కారు. ఆ దేశపు స్వర్ణకారులే. తమవారు చేసిన దానిని తమ చేతులతోనే నిప్పులో వేయవలసి వచ్చినది. ఆ వాక్యము చదివినపుడు మారు పలుకక మూసను కుంపటిపై నుంచిన మా కంసాలి ముఖము నాకు కనిపించినది.

ఆ సైనికుడు నన్ను చూచి, "నేను చేసిన తప్పేమి? ముందు ఎంత బంగారముండెనో తరువాతను అంతయే కలదు కదా" అని యడిగినచో ఏమని బదులు చెప్పుదును? నేను కంసాలితో అనిన మాటయే అతడును అనుచున్నాడు. అతని నోట అది లోభమైనచో నా నోట వేదాంత మెట్లగును?

ఇచ్చట శ్రీ రామానుజుల సిద్ధాంతము నాకు దారి చూపినది. కార్యము మిథ్య కాదు. కారణద్రవ్యమే వేరొక అవస్థను పొంది కార్యమగుచున్నది. ఆ అవస్థయు సత్యమే. ఘటముతో నీరు తేవచ్చును, మట్టిముద్దతో తేజాలము. అట్లే కంటె యనునది బంగారము పొందిన నిజమైన అవస్థ. దానిలో శిల్పి బుద్ధి, ధరించిన వారి ఆయువు, ఇచ్చినవారి ప్రేమ చేరియున్నవి. ఉద్దాలకుడు కుమారునకు మూలకారణ మొక్కటియే యని బోధించెను గాని, ఇంటిలోని నగలను కరిగింపుమని చెప్పలేదు. సర్వజగత్కారణమును గుర్తించుటకు చెప్పిన దృష్టాంతమును నేను తరుగు లెక్కకు వాడుకొంటిని. అది నా దోషము. భగవంతుడే మన కొరకు అర్చారూపమును స్వీకరించి యుండగా, రూపము వట్టి పేరని తేలికగా పలుకుట వైష్ణవునకు తగదు.

అయినచో ఏ నగను ఎన్నడును కరిగింపరాదా? అట్లు చెప్పను. బంగారము ఆపద్ధనము. బిడ్డ ఆకలి, రోగి ఔషధము, కన్య వివాహము వీనికి నగ అడ్డు రాకూడదు. ఆండీస్ శిల్పులును పాత లోహమును కరిగించి క్రొత్త వస్తువులు చేసియే యుందురు. అగ్ని వారి వృత్తికి శత్రువు కాదు. దేనిని కరిగించుచున్నామో యెరిగి, అవసరమై కరిగించుట వేరు. తూకము తప్ప అన్యము లేదని భావించి కరిగించుట వేరు. మొదటిది త్యాగము, రెండవది అజ్ఞానము.

ఈ భేదమును గుర్తించిన ఒక సంస్థ ఆ దేశముననే కలదు. 1939లో కొలంబియా ప్రభుత్వ బ్యాంకు, కింబాయా జాతివారు చేసిన 777 గ్రాముల బంగారు సున్నపు భరిణెను కొని, కరుగనీయక, దేశము దాటనీయక భద్రపరచెను. అదియే స్వర్ణ మ్యూజియమునకు ఆరంభము. బంగారమును తూచుటయే వృత్తిగా గల బ్యాంకు, తూకమునకు మించినది కలదని యొప్పుకొనుట విశేషము. సిపాన్ ప్రభువు నగలు 2002 నుండి లంబయేకే పట్టణమున ప్రత్యేక మ్యూజియములో నున్నవి. పెరూలోని కటకావోస్ పట్టణమున స్వర్ణకారులు నేటికిని సన్నని తీగెపని కమ్మలు చేయుచున్నారు. కడ్డీలు ఎవరి చేతులు మారెనో యెవ్వరెరుగరు. విద్య మాత్రము పూర్తిగా నశింపలేదు.

మా తల్లిగారి కంటె తిరిగి రాదు. దానిపై నకిషీ యేమో కూడ నేడు నేను సరిగా చెప్పలేను, లతయో, హంసయో. ఆ బంగారముతో చేయించిన నగలను మా అమ్మాయి ఇటీవల మార్పింప తలచి నన్నడిగినది. ఈ కథయంతయు ఆమెకు చెప్పి, "ముందు అవి ఎక్కడినుండి వచ్చాయో నీ పిల్లలకు చెప్పమ్మా. తరువాత నీ ఇష్టం" అంటిని. పాఠకులకును నా విన్నపము అదియే. కుంపటి రాజుకొనక ముందు ఒక్కమారు ఆ నగను అరచేత నుంచుకొని, దీనిని ఎవరు చేసిరి, ఎవరు ధరించిరి, ఏ శుభమునకు ఇచ్చిరి అని ఇంటి పెద్దలను అడుగుడు. తూకము త్రాసు చెప్పును. తక్కినది చెప్పగలవారు ఉన్నపుడే వినవలెను.