అతుకుల బొంతలో సఖ్యభక్తి

పొందిక లేని దానిని చూచినపుడు లోకులు 'అతుకుల బొంత' అని తేలికగా మాటాడుదురు. ఆ మాట నిందగానే వాడుకలో నిలిచిపోయినది. కాని మాఘమాసపు చలిలో ఒక్క రాత్రియైనను బొంత కప్పుకొని నిద్రించినవాడు దానిని నిందింపజాలడు. పట్టుచీర పండుగనాడు కొన్ని గడియలు ఒంటిమీద నుండి తిరిగి పెట్టెలోనికి పోవును. బొంత పసిబిడ్డ పుట్టిన నాటినుండి ముదుసలి మంచము పట్టిన నాటివరకు ప్రతి రాత్రియు సేవ చేయును. తనకంటూ పేరు కోరక, మెప్పు కోరక చేయు ఆ సేవలో భక్తులు నేర్చుకొనదగిన పాఠము కలదు.

గోదావరి పాయల నడుమ కోనసీమకు వాకిలివలె నున్న ఊరు ఆత్రేయపురము. సప్తగోదావరులలో ఒకటియైన ఆత్రేయ పేరును ఈ ఊరి పేరు తలపింపజేయును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత కాలువనీటితో ఈ సీమ వరిపొలములు మరింత సస్యశ్యామలములైనవి. ఆ వరిగింజయే ఇచ్చటి స్త్రీల చేతిలో పూతరేకుగా మారినది. బోర్లించిన కుండ క్రింద మంట పెట్టి, పలుచని బియ్యపుపిండి నీళ్ళలో గుడ్డను ముంచి, కుండపై ఒక్క ఊపున పరచి తీయుదురు. క్షణములో పొరవంటి రేకు లేచివచ్చును. ఒక్క రేకు గాలికి ఎగిరిపోవును. నోట పెట్టుకొన్నను రుచి తెలియదు. రేకుపై రేకు పరచి, నేయి, బెల్లము చేర్చి మడిచినపుడే అది తీపి వంటకమగును. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పూతరేకు వెనుకనున్న రహస్యము పొరల కలయికయే.

బొంత రహస్యమును అదియే. చిరిగిన నూలుచీర ఒక్కటి చలినాపదు. మాసిన పంచె ఒక్కటి దేనికిని కొరగాదు. అట్టివి నాలుగైదు ఉతికి, గంజి పోవునట్లు జాడించి, ఎండబెట్టి, ఒకదానిపై నొకటి పరచి కుట్టినచో చలికాలమునకు అండయగును. ఇందు క్రొత్తబట్ట పనికిరాదు. క్రొత్తబట్టలో బిరుసుదనముండును, ఉతికిన పిమ్మట ముడుచుకొని తక్కిన పొరలను లాగివేయును. ఎన్నో ఉతుకులకు ఓర్చి మెత్తబడిన బట్టయే బొంతకు తగినది. అందువలననే అప్పుడే పుట్టిన బిడ్డకు క్రొత్తబట్ట తొడుగక, పెద్దలు కట్టి విడిచిన మెత్తని పాతబట్టలో పొత్తిళ్ళు చుట్టుట మన ఇండ్ల ఆచారము. జీవుడును అంతే. అహంకారమను గంజి వదలినగాని ఇతరులతో కలియజాలడు.

సన్న్యాసులు సైతము ఈ వస్త్రమును గౌరవించిరి. సంస్కృతమున బొంతను కంథ యందురు. వీథిలో దొరకిన గుడ్డపీలికలతో కుట్టిన కంథను ధరించు యోగి ప్రస్తావన భజగోవింద స్తోత్రమున కలదు. మగధదేశములో గట్లతో తీర్చిన వరిమడులను చూపి, అదే తీరున తునకలు కలిపి భిక్షువుల చీవరము కుట్టింపుమని బుద్ధభగవానుడు ఆనందునితో చెప్పినట్లు వినయపిటకము తెలుపుచున్నది. వరిమడుల నడుమ నివసించు కోనసీమవారికి ఆ పోలిక వివరింపనక్కరలేదు. గట్టు మడిని మడితో వేరుచేయును. ఆ గట్టే రెండు మడులను కలుపును కూడ.

ఇట్టి గట్టు విషయమై వేరుపడిన ఇద్దరు స్నేహితురాండ్రను దృష్టాంతముగా భావింతము. ఒకామెది ఆత్రేయపురము, రెండవయామెది గోదావరి లంక. 1986 ఆగస్టు మాసమున గోదావరికి మహావరద వచ్చి కోనసీమ లంకలను ముంచెత్తినపుడు, లంకలోని యామె తడిసిన బట్టలతో ఈమె ఇంటికి చేరినది. ఈమె తన చీరను ఆమెకు కట్టబెట్టినది. ఆ రాత్రులు ఇరువురును ఒక్క బొంత క్రిందనే గడపిరి. తరువాత లంకయామె కుటుంబము ఈ ఊరిలోనే స్థిరపడి, పొలముల గట్టు దగ్గర మగవారికి మాట పెరిగినది. ఆడువారును ఒక మాట అనుకొనిరి. ఏండ్లు గడచినవి. మగవారు గతించిరి. గట్టు కొలత తేలిపోయినది. మౌనము మాత్రము మిగిలినది. ఇరువురును వాడపల్లి వేంకటేశ్వరస్వామికి ఏడు శనివారముల మ్రొక్కు చెల్లించిరి. ఒకే ప్రాకారములో ప్రదక్షిణము చేయుచును ఒకరినొకరు చూడనట్లే నడచిరి.

మనుమరాలికి నెలలు నిండుచుండగా ఆత్రేయపురపు టామె పెట్టె తెరచినది. తల్లి కట్టిన చీరలు రెండు, భర్త పంచె యొకటి బయటికి తీసినది. నేలపై పరచి ఒక అంచు సరిచేయగా రెండవ అంచు జారిపోవుచుండెను. బొంతను ఒంటరిగా పరచుట కష్టము. అవతల ఒకరు పట్టి బిగువుగా లాగవలెను. ఆమె చాలసేపు ఊరకే కూర్చుండి, తుదకు తానే ప్రక్క వీథికి నడచి గుమ్మములో నిలిచినది. "వదినా, బొంత కుడుతున్నాను. ఆ అంచు కాస్త పట్టుకుంటావా?" అని మాత్రమే అడిగినది. రెండవయామె బదులు పలుకక లోనికి వెళ్ళి, వెలిసిపోయిన చీర నొకదానిని తెచ్చినది. "వరదనాడు నువ్విచ్చిన చీరే వదినా. తిరిగి ఇవ్వనూ లేదు, పారేయనూ లేదు. దీన్ని కూడా వేద్దాం" అన్నది.

ఈ మాట యొద్ద భాగవతము దశమస్కంధములోని కుచేలుడు జ్ఞప్తికి రాక మానడు. కుచేలుడనగా జీర్ణవస్త్రము గలవాడని అర్థము. అతడు చినిగిన వస్త్రపు కొంగున అటుకులు మూటగట్టుకొని ద్వారకకు పోయి, వానిని చూపుటకు సిగ్గుపడెను. శ్రీకృష్ణుడు ఆ మూటను తానే అందుకొనెను. ఆనాడు ఆయన తలచుకొన్నది రాజ్యవైభవమును కాదు. సాందీపని గురుకులములో నున్నపుడు కట్టెలకై అడవికి పోయి, గాలివానలో దారి తప్పి, ఇరువురును చేతులు పట్టుకొని గడపిన రాత్రిని తలచుకొనెను. చలిలో తోడున్నవానిని మరువకుండుటయే సఖ్యము.

ప్రహ్లాదుడు చెప్పిన నవవిధ భక్తులలో సఖ్యము ఎనిమిదవది, ఆత్మనివేదనము తొమ్మిదవది. వందనము, దాస్యము దాటిన పిమ్మట సఖ్యమునకు ఆ స్థానమేల? నమస్కరించువాడు తనలోని మంచినే ముందుంచి నిలువగలడు. స్నేహితుని యెదుట అది సాగదు. బొంత కుట్టునపుడు పైనున్నవారికి తిన్నని కుట్టే కనబడును. అడుగున ముడులు, చిక్కులు మిగులును. ఎదుట కూర్చున్నవారు అంచు ఎత్తి చూచినపుడే అవి బయటపడును. ఆత్రేయపురం మండలములోనే ర్యాలి క్షేత్రమున ఒకే శిలలో ముందు కేశవస్వామిగాను, వెనుక జగన్మోహినిగాను వెలసిన మూర్తి కలదు. అచ్చటి దర్శనము వెనుకవైపు చూచినగాని పూర్తి కాదు. మనలోని వెనుకవైపును దాచకుండ ఒక్కరికైనను చూపగలిగినవాడే భగవంతునికి తన్ను తాను సమర్పించుకొనగలడు.

ఆ యిరువురును మూడు మధ్యాహ్నములు ఎదురెదురుగా కూర్చుండి కుట్టిరి. మొదట పెద్ద కుట్లతో పొరలను కదలకుండ నిలిపి, పిమ్మట అంచునుండి నడిమికి సన్నని కుట్టు వరుసగా వేసిరి. లంకయామె అడుగుభాగమున ఒక ముడిని తడిమి, "ఇది పసిదానికి గుచ్చుకుంటుంది" అని విప్పినది. అప్పుడు రెండవయామె సూది ఆపి, "గట్టు దగ్గర ఆ మాట అన్నది నేనే వదినా, తప్పు నాదే" అన్నది. ఎదుటియామె తల యెత్తలేదు. దారము మరల సూదికి ఎక్కించి చేతికిచ్చినది. అంతకుమించిన క్షమాపత్రము ఏ శాస్త్రమును వ్రాసియుండదు.

విడిపోయిన మనసులు తిరిగి కలిసినచోట అతుకు కనబడును. కనబడుటలో తప్పు లేదు. అతుకున్నచోట రెండు పొరల బలముండును. ఈ మాసమున దేవాలయమునకు వచ్చు భక్తులు స్వామికి పూలు, ఫలములు సమర్పించుటకు పూర్వము ఎవరి గుమ్మమున నిలిచి ఒక అంచు పట్టుకొమ్మని అడుగవలసియున్నదో ఆలోచింతురుగాక. అటుకుల మూటను తానే అందుకొన్న స్వామి ఆ అడుగును చూడకపోడు.